రుయి ఆడిషన్, నా సంజాయిషీ

ముందుగా ఒక మనవి. ఈ ఉదంతాన్ని మా ఇంట్లో వాళ్లు భోజనానికి వచ్చిన ప్రతివారికీ చెబుతున్నారు. మా అమ్మాయి చెప్పే కథలో నేను అమాయకుణ్ణి. మా ఆవిడ చెప్పే కథలో అంతకంటే రెండు మెట్లు కింద ఉంటాను. రెండు కథల్లోనూ వాస్తవ దోషాలున్నాయి, సమయాలు తప్పు, సంఘటనల వరుస తప్పు. నా వద్ద దినచర్య పుస్తకం ఉంది. దాన్ని ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ముప్ఫై ఆరేళ్లు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి, ఒక్క బండినైనా పట్టాలు తప్పనివ్వని నేను, అమెరికాలో, శాంటా క్లారాలో, ఒక శుక్రవారం పట్టపగలు, గంటన్నర వ్యవధిలో ఒక ఆడపిల్ల భవిష్యత్తును పట్టాలు తప్పించాను. అది చాలదన్నట్టు మర్నాడు ఉదయం, పడిపోయిన ఆ పెట్టెల మీదికి స్వహస్తాలతో రెండో బండిని పంపాను. నవ్వదలచినవారు నవ్వవచ్చు, అభ్యంతరం లేదు. కానీ మధ్యలో కాదు. పూర్తిగా చదివి, సావధానంగా నవ్వండి.

అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్లు. డెబ్బై నిండని వయసు, ఉడుకు రక్తం. కళ్లముందు ఏది తప్పుగా కనిపించినా దిద్దకుండా ఉండలేకపోయేవాణ్ణి. ఇప్పుడు డెబ్బై మూడు. వివేకం వచ్చిందని నేనంటాను. ఆ విషయంలో మా ఆవిడ అనసూయ ఇంకా సంతకం పెట్టలేదు.

మేమిద్దరం మా అమ్మాయి సుధ దగ్గర ఉంటున్నాం. సుధా, అల్లుడూ పొద్దున్నే కారెక్కి ఆఫీసులకు వెళ్తారు. తరువాత ఆ వీధిలో మిగిలేది నేనూ, నా పుస్తకమూ. చెత్త బండి ఎన్ని గంటలకు వచ్చింది, పోస్టు ఎన్ని నిమిషాలు ఆలస్యమైంది, ఎదురింటి వాళ్ల పచ్చిక మీద నీళ్లు చిమ్మే గొట్టం వాన పడుతున్నా ఎందుకు తిరుగుతోంది, ఇలాంటివన్నీ అందులో ఎక్కుతాయి. ఎవరు అడిగారని మీరు అడగవచ్చు. ఎవరూ అడగరు. రికార్డు అనేది ఎవరో అడుగుతారని రాసేది కాదు.

మా పెరట్లో ఒక గదీ, స్నానాల గదీ, చిన్న వంటగట్టూ ఉన్న ఔట్‌హౌస్ ఒకటి ఉంది. దానిలోకి ఆ ఏడు మార్చిలో రుయి అనే చైనా అమ్మాయి అద్దెకు వచ్చింది. సన్నని మనిషి. కారు ఆపేటప్పుడు కూడా చప్పుడు కాకుండా ఆపే మర్యాద గలది. వచ్చిన రెండో వారంలో, సరిగ్గా సాయంత్రం నాలుగు గంటలకు, ఆ గదిలోంచి ఏడుపు వినిపించింది. పాపం, ఏ కష్టమో అనుకున్నాను. మర్నాడూ నాలుగింటికే. ఆ మర్నాడూ నాలుగింటికే. కష్టం వస్తే మనిషి ఏడుస్తాడు, నిజమే. టైము టేబులు ప్రకారం ఏడ్చే కష్టాన్ని మాత్రం నేను ఎక్కడా చూడలేదు. నాలుగు రోజులు నమోదు చేసుకున్నాను. అయిదో రోజు ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి ఆమె తలుపు కింద తోశాను. "విషయం: ప్రతిదినం సాయంత్రం నాలుగు గంటలకు ఏడ్చుట గురించి" అని మొదలై, "కారణం తెలిపిన యెడల మా వల్ల కాగల సాయం చేయుటకు సిద్ధము" అని ముగిసే ఉత్తరం.

గంటలోపల ఆమె ఒక చేతిలో ఉత్తరం, మరో చేతిలో కమలాపళ్ల సంచితో వచ్చింది. రుయి మాట్లాడేది ఇంగ్లీషు. దాన్ని నా శక్తి కొద్దీ తెలుగులోకి దింపుతున్నాను.

"అంకుల్, సారీ. టైమింగ్స్ అన్నీ కరెక్ట్‌గా రాశారు. మంగళవారం మాత్రం నాలుగింటికి కాదు, నాలుగూ పదికి స్టార్ట్ చేశాను."

"నా గడియారం తప్పదమ్మా."

"అయితే నా ఏడుపే తప్పు," అని నవ్వింది. "నేను యాక్టర్ని. ఏడవడం ప్రాక్టీస్ చేస్తున్నాను."

ఆమె చైనాలో, ఏడాదిలో సగం రోజులు మంచు కురిసే ఊళ్లో పుట్టింది. లెక్కల చదువుకని ఈ దేశం వచ్చి, పాసై, రెండేళ్లు ఒక కంపెనీలో ఉద్యోగం చేసి, ఒకనాడు దాన్ని వదిలేసి సినిమాల వెంట పడింది. వారాంతాల్లో పిల్లలకు చైనా భాష చెబుతుంది. పిలుపు వస్తే లాస్ ఏంజిలిస్ దాకా కారు నడుపుకుంటూ పోతుంది. అప్పటిదాకా వేసిన వేషాలు: ఒక నర్సు, మరొక నర్సు, సూపు తెచ్చి పెట్టే పిల్ల, ఒక శవం.

"శవం వేషానికి డైరెక్టర్ చాలా మెచ్చుకున్నాడు అంకుల్. కళ్లు అస్సలు కదపలేదని."

మా అనసూయకు ఇంగ్లీషు అంతగా రాదు. శవం అన్నది మాత్రం ఎలాగో అర్థమైంది. "అయ్యో నా తల్లీ, అవేం వేషాలే! కూచో, పులిహోర తిను," అంది. రుయికి తెలుగు ఒక్క ముక్క రాదు. కూర్చుని తింది. ఆనాటి నుంచి వాళ్లిద్దరికీ నా అనువాదం అవసరం లేకపోయింది. నేను నా పుస్తకంలో రుయి పేర ఒక పుట తెరిచాను. వరుస సంఖ్య, వేషం, పంపిన సమయం, ఫలితం. ఫలితం గడిలో ఎక్కువగా 'జవాబు లేదు' అని రాయవలసి వచ్చేది. రాసేటప్పుడు నాకే కోపం వచ్చేది. జవాబు ఇవ్వకపోవడం ఏ ఆఫీసు పద్ధతి?

ఇక అసలు విషయం. ఆ ఏడు వానలు మొదలయ్యే వేళకు ఆమెకు ఒక సినిమా నుంచి ఆడిషన్ పిలుపు వచ్చింది. ఈసారి వేషానికి ఒక పేరుంది, మాటలున్నాయి, మొదటినుంచి చివరిదాకా ఉండే పాత్ర. అమెరికాలో ఒక చిన్న ఊళ్లో చైనా హోటలు నడిపే తండ్రి, అతని కూతురు. కూతురు తన దారిన తాను పోతానంటుంది. తండ్రి "పో, మళ్లీ ఎప్పుడూ తిరిగి రాకు" అంటాడు. ఆమె పోతుంది. పదేళ్లకు తిరిగొస్తుంది. అదీ కథ.

ఈ వేషం రుయికి ఎంత అవసరమో కూడా చెప్పాలి. కళాకారులకు ఇచ్చే ఆమె వీసా గడువు దగ్గర పడింది. "ఈసారి చెప్పుకోదగ్గ రోల్ ఒకటైనా చూపించకపోతే రెన్యూ కావడం కష్టం" అని లాయరు తేల్చేశాడు. సూపు తెచ్చిన పిల్లనూ, శవాన్నీ చూపిస్తే వాళ్లు ఒప్పుకోరట. అంటే ఈ వేషం వస్తే ఆమె నటి. రాకపోతే పెట్టె సర్దుకుని విమానం ఎక్కవలసిన మాజీ ఉద్యోగిని.

ఇప్పటి పద్ధతిలో ఆడిషన్ కోసం ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. ఇంట్లోనే గోడకు నీలం దుప్పటి కట్టి, ఫోను నిలబెట్టి, తన పాత్రను నటించి ఆ వీడియో పంపాలి. ఎదుటి పాత్ర మాటలను కెమెరాకు కనిపించకుండా ఎవరైనా చదివి అందించాలి. రుయికి అలా చదివే స్నేహితురాలు ఒకతె ఉండేది. ఆ శుక్రవారం ఆమెకు జ్వరం తగిలింది. వీడియో అందవలసిన సమయం సాయంత్రం అయిదు. మా తలుపు తట్టిన సమయం మూడూ ఇరవై అయిదు.

"అంకుల్, సుధ ఉందా?"

"ఆఫీసులో ఉందమ్మా. ఏం కావాలి?"

"ఫాదర్ డైలాగ్స్ చదవడానికి ఎవరైనా కావాలి. ఇంగ్లీష్ చదవగలిగితే చాలు."

ముప్ఫై ఆరేళ్లు ఇంగ్లీషు నిబంధనల పుస్తకాలు చదివినవాడితో అనవలసిన మాటేనా ఇది? కళ్లజోడు తుడుచుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మూడూ ముప్ఫై మూడుకు ఔట్‌హౌస్‌లో హాజరయ్యాను.

"అంకుల్, ఒక్కటే రూల్. మీరు యాక్ట్ చేయకూడదు. ఫ్లాట్‌గా చదవండి, చాలు."

"నటించకూడదా?"

"కూడదు."

"మరి కోపంగా ఉన్న తండ్రి కదా?"

"కోపం నేను ఊహించుకుంటాను. మీరు చదవండి."

మొదటిసారి చదివాను. రెండో ప్లాట్‌ఫారం మీదున్న ప్రయాణికుడికి కూడా వినబడాలని అలవాటైన గొంతు నాది. నా మొదటి మాటకు రుయి ఉలిక్కిపడింది, ఆమె వెనకున్న నీలం దుప్పటి ఒక కొస ఊడిపోయింది. రుయి నన్ను కుర్చీతో సహా గుమ్మం దగ్గరికి జరిపింది. అక్కడా ఎక్కువైంది. వంటగట్టు దగ్గరికి జరిపింది. అక్కడా ఎక్కువైంది. చివరికి స్నానాల గదిలోకి పంపి తలుపు ఓరగా వేసింది. నేను తొట్టి అంచు మీద కూర్చుని, అక్కడి అద్దంలో ఆమెను చూస్తూ చదవాలి. స్టేషన్ మాస్టరుగా ఎన్నో ఊళ్లకు బదిలీ అయ్యాను. స్నానాల గదికి బదిలీ కావడం అదే మొదలు.

"ఇంకా సాఫ్ట్‌గా అంకుల్. విస్పర్ లాగా."

"గుసగుసగా తిట్టే తండ్రిని నేను చూడలేదమ్మా."

"ప్లీజ్ అంకుల్."

రెండోసారి గుసగుసగానే చదివాను. "నువ్వు నాకు ఏం చెప్పదలచావు. తండ్రి కుర్చీలోంచి లేచును. కొంత విరామము. కిటికీ వైపు చూచును."

"అంకుల్! బ్రాకెట్లో ఉన్నవి చదవకూడదు. అవి చేసేవి."

"రాసి ఉన్నదాన్ని చదవకుండా దాటేయడం మా వృత్తిలో నేరం."

"మా వృత్తిలో చదవడం నేరం."

సరే, ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క నిబంధన. ఒప్పుకున్నాను.

మూడోసారి అంతా సవ్యంగా సాగింది. రుయి పెట్టె చేత పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. అద్దంలో ఆమె ముఖం చూశాను. నాలుగింటికి వినిపించే ఆ ఏడుపు కాదు ఇది. ఇంకా రాని ఏడుపు. ఇప్పుడు నేను చదవవలసిన మాట: "పో. మళ్లీ ఎప్పుడూ తిరిగి రాకు."

నా నోరు రాలేదు.

చదివేవారు నన్ను అర్థం చేసుకోవాలి. మన ఇళ్లలో గుమ్మం దాటేవాళ్లను ఎవరైనా 'పో' అంటారా? పాలవాణ్ణి అనం, పోస్టుమాన్‌ని అనం. వెళ్లేవాళ్లు 'వెళ్తాను' అన్నా ఊరుకోం, 'వెళ్లొస్తాను అనాలి' అని దిద్దుతాం. అటువంటిది శుక్రవారం సాయంత్రం, పెట్టె చేతపట్టి గుమ్మంలో నిలబడ్డ ఆడపిల్లను, ఆమె వీసా సంగతి తెలిసి ఉండీ, 'తిరిగి రాకు' అనడమా?

నేను తటపటాయిస్తూ "పో..." అనేలోగా కాఫీ గ్లాసులతో అనసూయ లోపలికి వచ్చింది. ఆ ఒక్క మాటా ఆమె చెవిన పడింది.

"ఏమండీ! పిల్ల పెట్టె పట్టుకుని గుమ్మంలో ఉంటే అదేం మాట? మీకేమైనా మతి పోయిందా?"

"అది తండ్రి మాట, నాది కాదు!"

"తండ్రైతే మాత్రం అనొచ్చా? నాలుక కొరుక్కోండి."

ఇదంతా కెమెరా ముందే, కాఫీ గ్లాసులతో సహా రికార్డయింది. మూడో ప్రయత్నం రద్దు.

నాలుగోసారి అనసూయను ఒక మూల స్టూలు మీద కూర్చోబెట్టి, మాట్లాడవద్దని ఆజ్ఞాపించాను. మాట్లాడలేదు. రుయి పెట్టె ఎత్తి అడుగు వేయబోతుండగా అనసూయ ఒంటి తుమ్ము తుమ్మింది. తుమ్మి, తన తుమ్ముకు తానే అదిరిపడి, నా ఆజ్ఞ మరిచి లేచింది.

"ఆగమ్మా, ఆగు! తుమ్మినప్పుడు బయల్దేరకూడదు. రెండు నిమిషాలు కూచుని, మంచినీళ్లు తాగి వెళ్లు."

రుయికి భాష తెలియదు. అయినా పెద్దావిడ భుజం పట్టి కూర్చోబెడితే కూర్చుంది, గ్లాసు ఇస్తే తాగింది. తండ్రి వెళ్లగొట్టిన కూతురు పెట్టె పక్కన కూర్చుని చల్లగా మంచినీళ్లు తాగుతున్న దృశ్యం కెమెరాలో ఎక్కింది. నాలుగో ప్రయత్నం రద్దు. సమయం నాలుగూ నలభై.

"అంకుల్," అంది రుయి. "ఇంక ఒక్కసారికే టైమ్ ఉంది. ప్లీజ్. ఆ లైన్ చదివేయండి."

"చదువుతానమ్మా. మాట ఇస్తున్నాను."

అనసూయను ఇంటికి పంపించాం. నేను తొట్టి అంచు మీద కూర్చుని ఆలోచించాను. నేను కెమెరాకు కనిపించను. నా మాట ఎవరికి కావాలి? చూసేవాళ్లు చూసేది పిల్ల ముఖాన్ని. అలాంటప్పుడు అశుభమైన మాట నా నోటెందుకు రావాలి? జేబులోంచి పెన్సిలు తీశాను. ఆ వాక్యం మీద ఒక సన్నని గీత గీసి, పైన చక్కని అక్షరాలతో సవరణ రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, సమయం వేశాను. ఎవరూ కోరని సవరణను కూడా పద్ధతి ప్రకారమే చేశానన్న తృప్తి కలిగింది.

అయిదోసారి. రుయి పెట్టె ఎత్తింది. గుమ్మం దగ్గర ఆగింది. నేను గుసగుసగా, స్పష్టంగా చదివాను.

"వెళ్లు. క్షేమంగా తిరిగి రా."

అద్దంలో చూస్తున్నాను. ఆమె కదలలేదు. కన్నీళ్లు కూడా రాలేదు. ఆమె ముఖం, ఎలా చెప్పాలి, ఎంతో దూరం నుంచి ఎవరో పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగిన మనిషి ముఖంలా అయింది. ఏడవవలసిన చోట నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగింది. చైనా భాషలో ఏదో చిన్న మాట అంది. తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

రెండు క్షణాల తరువాత అదే తలుపు తీసుకుని లోపలికి వచ్చింది.

"అంకుల్, ఏం చదివారు?"

"ఉన్నదే చదివాను." నిజమే. నేను చదివే వేళకు అక్కడ ఉన్నది అదే.

ఆమె కాగితం లాక్కుని చూసింది. నా సవరణనూ, నా సంతకాన్నీ చూసింది.

"అంకుల్! తండ్రి రమ్మంటే నేను పదేళ్లు రాకుండా ఎందుకుంటాను? రెండో రోజే వచ్చేస్తాను! సినిమా పదో పేజీలోనే అయిపోతుంది!"

"అయిపోతే మంచిదే కదమ్మా. తండ్రీ కూతుళ్లు కలిసుంటారు."

ఆమె నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. గడియారం చూసింది. నాలుగూ యాభై రెండు. మళ్లీ తీయడానికి వ్యవధి లేదు. ఉన్నవాటిలో చివరిదాకా సాగినదీ, మనుషులు మధ్యలో కాఫీ తేనిదీ, తుమ్మనిదీ అదొక్కటే. దాన్నే పంపింది. నాలుగూ యాభై ఏడు. తరువాత నేల మీద కూలబడింది.

నేను అడిగాను. "చివర్లో మీ భాషలో ఏమన్నావమ్మా?"

"వస్తాను నాన్నా అన్నాను. స్క్రిప్ట్‌లో లేదు. ఎందుకు వచ్చిందో నాకే తెలీదు."

"నువ్వు ఈ దేశం బయల్దేరేటప్పుడు మీ నాన్నగారు ఏమన్నారు?"

"లగేజ్ రెండు కిలోలు ఎక్కువైంది, తీసెయ్ అన్నారు."

"అంతేనా?"

"అంతే. దాంతో ఎయిర్‌పోర్ట్ వచ్చేసింది."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఒకరి బండిని నా ఇష్టం వచ్చిన లైను మీదికి మళ్లించాను. మా శాఖలో అటువంటి పొరపాటు జరిగితే చేయవలసిన పని ఒక్కటే: అడగకముందే సంజాయిషీ రాయడం. శనివారం ఉదయం సుధ కంప్యూటరు ముందు కూర్చుని, ఒంటి వేలితో, గంటా పది నిమిషాల్లో టైపు చేశాను. ఆడిషన్ కాగితం అడుగున ఉన్న చిరునామాకే పంపాను. అందులో కొంత భాగం ఇది.

"అయ్యా లేక అమ్మా, దిగువ సంతకం చేసిన నేను విన్నవించునది. నిన్నటి వీడియోలో తండ్రి మాటను మార్చినది నేను. సదరు నటి నిర్దోషి. మా కుటుంబములలో గడప దాటు బిడ్డను తిరిగి రావద్దని అనుట లేదు. కావున నా నోరు రాలేదు. నటి ముఖమున ఏడ్పుకు బదులు వేరొక భావము కనబడిన యెడల అందుకు బాధ్యత పూర్తిగా నాది. నాలుగవ ప్రయత్నములో తుమ్మినది నా భార్య. జతపరచినవి: అయిదు ప్రయత్నముల సమయపట్టిక ఒకటి, నేను కూర్చున్న స్నానాల గది పటము ఒకటి."

పంపి, ఒక నకలు ముద్రించి, మనసు తేలికపడి వరండాలో కూర్చున్నాను. పదకొండింటికి రుయి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అంకుల్, గుడ్ న్యూస్! రాత్రంతా టెన్షన్ పడ్డాను. ఇందాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వీడియో మళ్లీ విన్నాను. మీ వాయిస్ అస్సలు రికార్డ్ కాలేదు! బాత్‌రూమ్‌లో ఉన్నారు కదా, పైగా విస్పర్. ఏదో గాలి సౌండ్‌లా ఉంది, అంతే. మీరు లైన్ మార్చిన సంగతి ఈ ప్రపంచంలో ఎవ్వరికీ తెలీదు!"

నా చేతిలో నకలు ఉంది.

"ఎవ్వరికీ?"

"ఎవ్వరికీ!"

నకలు అందించాను. చదివింది. రెండో పుట తిప్పింది. స్నానాల గది పటం చూసింది. అప్పుడే నిద్రలేచి కాఫీ గ్లాసుతో వచ్చిన సుధ ఆమె భుజం మీదుగా తొంగి చూసింది.

"నాన్నా, ఇది సెండ్ చేసేశావా?"

"చేశాను."

"ఎవరికి?"

"సంబంధిత అధికారులకు."

"అయ్యో నాన్నా! కాస్టింగ్ వాళ్లకి యాక్టర్సే డైరెక్ట్‌గా మెయిల్ పెట్టరు. నువ్వు మ్యాప్ కూడా పెట్టావా!"

రుయి కాగితాలను జాగ్రత్తగా మడిచి నాకు తిరిగి ఇచ్చింది. "ఇట్స్ ఓకే అంకుల్. మీరు నా కోసమే రాశారు," అంది. ఆమె కోప్పడి ఉంటే నాకు ఎంతో బాగుండేది. పెరట్లోకి నడిచి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.

తరువాత పదకొండు రోజులు జవాబు లేదు. అంతకంటే ఘోరమైన సంగతి, సాయంత్రం నాలుగింటికి ఏడుపు కూడా లేదు. నేను నాలుగింటికి వెనక వరండాలోకి వెళ్లి నిలబడేవాణ్ణి. నిశ్శబ్దం. ఏ ఏడుపు మీద ఫిర్యాదు రాశానో దాని కోసం చెవి ఒగ్గి నిలబడవలసి వచ్చింది. ఒకనాడు కిటికీలోంచి ఆమె పెట్టె మంచం మీద తెరిచి ఉండడం కనిపించింది. ఇది నాటకంలో పెట్టె కాదు, నిజం పెట్టె. ఆ రోజు పుటలో ఏమీ రాయలేకపోయాను.

"చూడండి," అంది అనసూయ నా పక్కకు వచ్చి నిలబడి. "నేను తుమ్మి ఊరుకున్నాను. మీరు నా తుమ్మును కూడా ఇంగ్లీషులో రాసి పంపారు."

పన్నెండో రోజు, బుధవారం, పొద్దున్న పదింటికి రుయి చెప్పులు కూడా లేకుండా పెరడంతా పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఫోను.

"అంకుల్, డైరెక్టర్! మీతో మాట్లాడాలంట! స్పీకర్‌లో ఉన్నారు!"

ఫోనులో ఒక స్త్రీ గొంతు. "స్టేషన్ మాస్టర్ మీరేనా?"

"రిటైర్డ్," అన్నాను, లేచి నిలబడి.

"మీ లెటర్ మా ఆఫీసు గోడకి అంటించాం."

"అది రికార్డు అమ్మా. ఫైల్లో ఉండాలి."

ఆమె పెద్దగా నవ్వింది. తరువాత చెప్పిన మాటలను ఫోను పెట్టేయగానే రాసుకున్నాను. వీడియోలు పంపిన మిగతా వాళ్లందరూ 'తిరిగి రాకు' అన్న మాట దగ్గర ఏడ్చారట, లేదా మండిపడ్డారట. రుయి మాత్రం నవ్వబోయింది. తండ్రి వెళ్లగొడితే ఈ పిల్ల ముఖం ఇలా ఎందుకు మెత్తబడిందో వాళ్లకు అర్థం కాలేదు. ఆమెకు సన్నివేశం అర్థం కాలేదు కాబోలు అనుకుని పక్కన పెట్టేశారు. అప్పుడు నా సంజాయిషీ చేరింది. అందరూ నవ్వుకున్నారు. నవ్వయ్యాక ఎవరో అన్నారట, "ఒకసారి ఆ వీడియో మళ్లీ వేయండి" అని. ఈసారి ఆ ముఖంలో ఏముందో తెలిసి చూశారు.

"తండ్రి రావద్దన్నా, రమ్మన్నట్టే విని వెళ్లే కూతురు," అంది డైరెక్టర్. "అందుకే పదేళ్లకైనా తిరిగొస్తుంది. నాకు అది తట్టలేదు. రుయీ, సోమవారం లాస్ ఏంజిలిస్ రాగలవా? ఈసారి లైన్ స్క్రిప్ట్‌లో ఉన్నట్టే ఉంటుంది."

వెళ్లింది. చేసింది. వేషం వచ్చింది. కొంత కాలానికి వీసా కూడా వచ్చింది. అక్కడ తండ్రి వేషధారి గొంతు చించుకుని రావద్దని అరుస్తుంటే ఎలా చేయగలిగావని అడిగాను. "ఆయన మాట వినలేదు అంకుల్. బాత్‌రూమ్‌లోంచి వచ్చిన మాట విన్నాను," అంది. నేను కళ్లజోడు తుడుచుకోవలసి వచ్చింది. అనసూయ అది చూసింది. దీన్ని కూడా తన కథలో కలిపేసుకుంది.

ఇక్కడితో ఆపితే నేనొక మహానుభావుడిగా మిగులుతాను. రికార్డు పూర్తి కాదు.

ఆ ఫోను పెట్టేసే ముందు డైరెక్టరు మరొక మాట అంది. "మాస్టర్ గారూ, మీక్కూడా ఒక చిన్న వేషం ఇద్దామనుకుంటున్నాను. రైల్వే స్టేషన్లో బెంచీ మీద కూర్చునే ప్రయాణికుడు. ఒకే కండిషన్. మాటలు లేవు. ఒక్కటి కూడా లేదు. ఉంటే మీరు మార్చేస్తారు."

షూటింగు నాడు కాలిఫోర్నియాలోనే ఒక చిన్న స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాను. ఇల్లు వదిలిన కూతురు రైలెక్కే సన్నివేశం. కదలవద్దన్నారు, కదలలేదు. కెమెరా వైపు చూడవద్దన్నారు, చూడలేదు. రుయి పెట్టెతో నా ముందు నుంచి నడిచి, నాకు నాలుగడుగుల దూరంలో ప్లాట్‌ఫారం అంచున నిలబడింది. రైలు వస్తోంది. చూస్తే, ఆమె పాదాలు అంచు దగ్గరి పసుపు గీత దాటి ఉన్నాయి. పసుపు గీత దాటి ఉన్నాయి! ముప్ఫై ఆరేళ్ల ఉద్యోగం నా నోట్లోంచి, పెదవులు కదలకుండా, దానంతట అదే బయటికి వచ్చింది.

"వెనక్కి జరుగమ్మా!"

రుయి ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఒక్క క్షణం ఆగింది. రైలు వచ్చి ఆగాక ఎక్కింది. రైలు చప్పుడులో నా మాట ఇంకెవరికీ వినబడలేదు. "బ్యూటిఫుల్!" అని డైరెక్టరు అరిచింది.

సినిమా విడుదలయ్యాక మేమంతా కలిసి హాలుకు వెళ్లాం. తెర మీద రుయి ఆ ఒక్క అడుగు వెనక్కి వేసినప్పుడు హాల్లో సన్నగా ఒక నిట్టూర్పు పాకింది. పక్క వరుసలో ఒకావిడ కళ్లు ఒత్తుకుంది. వెళ్లలేక వెళ్లడమంటే అదీ అని బయటికి వస్తూ ఎవరో అన్నారు. ఆ అడుగును డైరెక్టరు ఈనాటికీ రుయి ప్రతిభ అనే నమ్ముతోంది. రుయి ఎవరికీ చెప్పలేదు, అనసూయకు కూడా. నేనూ చెప్పలేదు. సంజాయిషీ రాయలేదు. ఆనాటి పుటలో కావాలనే 'ఎండ. బెంచీ గట్టిది' అని మాత్రమే రాశాను. ఈ విషయం ప్రపంచంలో ఎక్కడా రాతపూర్వకంగా లేదు.

ఈ పేజీలో తప్ప.

కావున, దిగువ సంతకం చేసిన నేను, పూర్తి స్పృహతో, సాక్షుల సమక్షంలో ప్రమాణం చేయునదేమనగా: ఎవరూ అడగని సంజాయిషీని ఇకమీదట నేను ఎన్నడూ, ఎవరికీ, ఏ భాషలోనూ రాయను. సాక్షి సంతకానికి అనసూయకు ఈ కాగితాలన్నీ ఇచ్చాను. మొత్తం చదివింది. కలం పక్కన పెట్టేసి, రుయికి ఫోన్ చేయడానికి లేచి వెళ్లింది.